గద్ద నీడ మిగిలిన టోపీ

మా ఇంట్లో ఒక పాత సైనిక టోపీ ఉంది. ఒకప్పుడు ముదురు ఆలివ్ రంగులో ఉన్న ఆ నూలు గుడ్డ ఇప్పుడు ఎండుగడ్డి రంగుకు వచ్చింది. దాని ముందు భాగంలో, నుదుటికి పైన, రెక్కలు చాచిన గద్ద ఆకారంలో ఒకచోట మాత్రం ఆ పాత ముదురు రంగు చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. అక్కడ గద్ద బొమ్మ లేదు. ఒకనాడు ఉండేదనడానికి గుర్తుగా, ఎండ తగలని గుడ్డ ముక్క ఒక్కటే ఉంది. గడిచిన ఏడాదిలో ఈ టోపీని అమ్మమని అడిగినవారూ, బాగు చేయిస్తామన్నవారూ అందరూ ఆ నీడ దగ్గరే ఆగారు. నేనూ అక్కడే ఆగి, చాలా రోజులు ఆలోచించి, ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ నిర్ణయాన్నీ దాని వెనుక ఉన్న కారణాలనూ వివరంగా రాసి ఉంచాలని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ఇది రెండవ ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పోరాడిన జర్మన్ సైనికుల టోపీ. ఇటలీ సైన్యం లిబియాలో దెబ్బ తిన్న తరువాత, దానికి సాయంగా 1941 ఫిబ్రవరిలో జర్మన్ దళాలు ట్రిపోలీ రేవులో దిగాయి. జర్మన్ సేనాని రోమెల్ నాయకత్వం వహించిన ఆ దళాలకే ఆఫ్రికా కోర్ అని పేరు. ఉష్ణదేశంలో యుద్ధం చేసిన అనుభవం అప్పటికి ఆ సైన్యానికి లేదు. అందువల్ల మొదట్లో వారికి మన దొరలు పెట్టుకున్న రకం బెండు టోపీలే ఇచ్చారు. లారీలోనూ టాంకులోనూ అవి అడ్డం పడేవి, పడుకుంటే నలిగిపోయేవి, కాబట్టి సైనికులు త్వరలోనే వాటిని పక్కన పడేశారు. వాటి స్థానంలో తలలకు ఎక్కినదే ఈ గుడ్డ టోపీ. పర్వత దళాలవారి టోపీ నమూనాను పలుచని నూలు గుడ్డలో కుట్టి, ముందు పొడవైన అంచు పెట్టారు. పక్కల చిన్న గాలి రంధ్రాలకు లోహపు వలయాలు బిగించారు. లోపల ఎర్రటి అస్తరు వేశారు. చుట్టూ కిందికి దించుకునే మడత ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, అది పేరుకే మడత, దిగదు. మడిచి జేబులో పెట్టుకోవచ్చు, మళ్ళీ తీసి దులిపి పెట్టుకోవచ్చు. ఎడారిలో పోరాడిన సైన్యాల శిరస్త్రాణాలన్నిటిలో దీనంత తెలివైన పనితనం మరొక దానిలో లేదని నా అభిప్రాయం.

మా తాతయ్య ఆ టోపీ ముందరి అంచును "చూరు" అనేవాడు. ఇంటికి చూరు ఎలాగో కంటికి అది అలాగని ఆయన మాట. నేనూ ఆ మాటే వాడతాను.

తాతయ్య అప్పటి భారత సైన్యపు ఇంజనీరింగ్ దళమైన మద్రాసు సాపర్లలో పనిచేశాడు. ఒంగోలు ప్రాంతం అప్పటికి మద్రాసు రాష్ట్రంలో భాగం, ప్రకాశం జిల్లా అనేది ఇంకా పుట్టలేదు, మా వైపుకు చేరువగా ఉన్న రైల్వే స్టేషను సింగరాయకొండ. అక్కడ రైలెక్కి మద్రాసు మీదుగా బెంగుళూరు వెళ్లి చేరాడట. 1939లో రెండు లక్షల చిల్లర ఉన్న భారత సైన్యం యుద్ధం ముగిసేనాటికి ఇరవై ఐదు లక్షలకు చేరింది. ఆ లక్షల్లో ఆయన ఒకడు. ఆయన కంపెనీ 4వ ఇండియన్ డివిజన్‌తో కలిసి ఎడారిలో తిరిగింది. సాపర్ల పని తుపాకీ పట్టి ముందుకు ఉరకడం కాదు. ముందుకు వెళ్లేవారికి దారి చేయడం, ఇసుకలో పాతిన మందుపాతరలను సూదిలాంటి చువ్వతో వెతికి తీయడం, ముళ్లకంచెలను పేల్చడం, వాగుల మీద బండ్లు నడిచే బాట కట్టడం వారి బాధ్యత. ముళ్లకంచెలను పేల్చే పొడవాటి గొట్టాన్ని 1912లో బెంగుళూరులోని ఈ సాపర్ల అధికారే తయారుచేశాడు. నేటికీ ప్రపంచంలో చాలా సైన్యాలు దాన్ని బెంగుళూరు టార్పెడో అనే పిలుస్తాయి. 1943 మార్చిలో ట్యునీషియాలో శత్రువుల రక్షణ వరస అయిన మారెత్ రేఖ దగ్గర వాడీ జిగ్జావు అనే వాగును దాటించడానికి ఆ డివిజన్ సాపర్లు గుండ్ల వానలో బాట కట్టారు. తాతయ్య ఆ వాగును గురించి చెప్పేటప్పుడు మా మన్నేటితో పోల్చి చెప్పేవాడని నాన్న గుర్తుచేసుకునేవాడు. వాన పడినప్పుడే నీళ్లుండే ఏరుకు ఎంత నిటారు గట్లుంటాయో మన్నేరు తెలిసినవారికి వేరే చెప్పవలసిన పని లేదు.

ఇక్కడ గద్దల విషయం ఒకటి చెప్పాలి. 4వ ఇండియన్ డివిజన్ గుర్తు ఎర్ర గద్ద, నల్లని చదరం మీద ఎగురుతున్నట్టుగా ఉంటుంది. తాతయ్య భుజం మీద ఆ ఎర్ర గద్ద ఉండేది. ఎదుటి సైన్యపు టోపీల మీద మరో గద్ద ఉండేది. ఆయన కథలు చెప్పేటప్పుడు "మా గద్ద", "వాళ్ల గద్ద" అని విడదీసి చెప్పేవాడట. చిన్నతనంలో నాన్న ఆ మాటలు విని, రెండు సైన్యాలూ నిజంగానే గద్దలను పెంచి యుద్ధానికి తీసుకువెళ్లేవని అనుకున్నాడట.

1943 మే 12న ట్యునీషియాలో జర్మన్ సేనాధిపతి వాన్ ఆర్నిమ్ లొంగిపోయింది ఆ ఎర్ర గద్ద డివిజన్‌కే. ఆ కొద్ది రోజుల్లో బందీలుగా చిక్కినవారు రెండు లక్షలకు పైగా ఉంటారు. అన్ని వేలమంది ఒక్కసారిగా ఆయుధాలు దించినచోట తుపాకులు, బెల్టులు, టోపీలు, నీళ్ల సీసాలు కుప్పలుగా పడి ఉండేవని తాతయ్య చెప్పేవాడు. ఆ కుప్పల్లోంచి ఆయన తీసుకున్నది ఇదొక్కటే. జ్ఞాపికగా తెచ్చుకున్నాడని అందరూ అనుకుంటారు, మొదట నేనూ అలాగే అనుకున్నాను. కానీ నాయనమ్మ చెప్పినది వేరు. సాపర్ల తలపాగాకు ముందు నీడనిచ్చే అంచు లేదు. నేల మీద వంగి మందుపాతరల కోసం చూసేవాడికి ఎండ కళ్లలో పడడమే అన్నిటికంటే పెద్ద బాధ. చూరు ఉన్న టోపీ ఇంటికి తీసుకుపోతే చేలో పనికొస్తుందని ఆయన తెచ్చాడు.

అన్నట్టుగానే చేలోనే వాడాడు. యుద్ధం తరువాత పాతికేళ్లపాటు జొన్న చేలోనూ, కంది చేలోనూ, తరువాత పొగాకు చేలోనూ ఈ టోపీతోనే తిరిగాడు. మా ఊళ్లో దాన్ని "గద్ద టోపీ" అనేవారు. పొగాకు ఆకు కొట్టేటప్పుడు వేళ్లకు అంటే నల్లని బంక ఎంత మొండిదో మా జిల్లాలో అందరికీ తెలుసు. చూరు కుడివైపు అంచు మీద, టోపీని సర్దుకోవడానికి చూపుడు వేలూ బొటన వేలూ పట్టే చోట, ఆ బంక మరకలు రెండు గట్టిగా పేరుకుని ఉన్నాయి. పై వేలి మరక పొడవుగా, కింది వేలిది గుండ్రంగా ఉంటుంది. తాతయ్య చేతి పట్టు ఎలా ఉండేదో చూపించే ఆధారం మా దగ్గర ఇప్పుడు అదొక్కటే.

ఆయన 1974లో పోయాడు. అప్పటికి నాకు ఆరేళ్లు. పెద్దకర్మ అయిన తరువాత, ఆయన బట్టలు ఎవరెవరికో ఇచ్చేటప్పుడు, నాయనమ్మ అరుగు మీద కూర్చుని బ్లేడు ముక్కతో ఈ టోపీ మీద గద్దను ఒక్కొక్క పోగే విప్పడం నేను కళ్లారా చూశాను. ఎందుకు విప్పుతున్నావని అడిగితే, "దాని కాళ్ల కింద స్వస్తిక్ ఉందిరా నాయనా, శుభం గుర్తు. పోయిన మనిషి చెమట గుడ్డ మీద అది ఉండకూడదు" అంది. మూల మీద వాలి నిలబడి ఉన్న ఆ గుర్తు ఆమెకు గడప మీద కుంకుమతో వేసే గుర్తే. దానికి వేరే చోట మరో అర్థం ఉందనీ, ఆ గుర్తు కింద అరవై లక్షల మంది యూదులను చంపారనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ గద్ద గుడ్డ ముక్కను పాత దేవుడి పటాలతో, పగిలిన పసుపు గిన్నెతో కలిపి మూటకట్టి మన్నేట్లో కలిపింది. టోపీని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కలరా ఉండలు వేసిన ట్రంకు పెట్టెలో అడుగున పెట్టింది.

ఆ తరువాత నలభై ఏళ్లు దాన్ని ఎవరూ కదిలించలేదు. ఊళ్లో ఇల్లు పడగొట్టినప్పుడు ఆ పెట్టె నెల్లూరులో మా ఇంటికి చేరింది. పెట్టెలోనే తాతయ్య పతకాలు కూడా ఉన్నాయి. ఆఫ్రికా స్టార్ రిబ్బను ఇసుక రంగులో ఉండి, మధ్యలో వెడల్పైన ఎర్రచార, అటూ ఇటూ ముదురు నీలం, లేత నీలం చారలతో ఉంటుంది. ఇసుక ఎడారికి, ఆ మూడు రంగులూ మూడు దళాలకు గుర్తులు. దాని మీద 8 అనే అంకె ఉంది. 1942 అక్టోబరు 23 తరువాత బ్రిటిష్ వారి ఎనిమిదవ సైన్యంలో ఉన్నవారికి ఇచ్చిన అంకె అది. బ్రిటిష్ సైనికులకు ఈ నక్షత్రాలు పేరు లేకుండా ఇచ్చారు. భారత సైనికులకు ఇచ్చిన వాటి మీద మాత్రం పేరూ నంబరూ చెక్కి ఇచ్చారు. తాతయ్య పేరు వెనుక వైపున ఇప్పటికీ స్పష్టంగా ఉంది. టోపీ మా తాతయ్యదేనని ఆ పతకం రుజువు చేయదు గానీ, ఆయన ఆ ఎడారిలో ఉన్నాడని రుజువు చేస్తుంది.

ఈ రకం టోపీలకు ప్రపంచమంతటా సేకరణకారులున్నారు. గిరాకీ ఉన్న ప్రతి వస్తువుకూ నకిలీ పుట్టినట్టే వీటికీ దశాబ్దాలుగా నకిలీలు పుడుతున్నాయి. సినిమాల కోసం, ప్రదర్శనల కోసం నిజాయితీగా కుట్టినవీ ఉన్నాయి. పాతవని నమ్మించడానికి క్లోరిన్ నీళ్లలో ముంచి, రాళ్లతో రుద్ది కుట్టినవీ ఉన్నాయి. కాబట్టి మా టోపీ సంగతి నేనే శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాను. నేర్చుకున్న వాటిలో ముఖ్యమైన కొన్నింటిని, ఎవరికైనా ఇలాంటి పాత గుడ్డ వస్తువు ఇంట్లో దొరికితే ఉపయోగపడతాయని, కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది ఎండ పనితనం. మందుతో తెల్లబరిచిన గుడ్డ అన్నివైపులా ఒకేలా, మడతల లోపల కూడా, వెలిసిపోతుంది. ఎండ అలా చేయలేదు. ఎండకు మడత లోపలికి దారి లేదు. మా టోపీ పైభాగమూ చూరు పైభాగమూ దాదాపు తెల్లబడ్డాయి. చూరు అడుగు భాగం ఇంకా ఆలివ్ రంగులోనే ఉంది. కుట్టు దగ్గర గుడ్డను గోటితో కొద్దిగా విడదీస్తే, లోపల నిన్న తానులోంచి కోసినట్టున్న పచ్చదనం కనిపిస్తుంది. ఎడారిలో కొత్తగా వచ్చిన సైనికులు, పాతకాపులుగా కనిపించాలని, తమ టోపీలను తామే మందులతో తెల్లబరుచుకున్న మాట కూడా నిజమే. అందువల్ల సమంగా వెలిసినంత మాత్రాన నకిలీ అని తీర్పు చెప్పకూడదు.

రెండవది దారం. యుద్ధం తరువాత వాడుకలోకి వచ్చిన తెల్లదనపు రసాయనాలు అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తాయి. మా వీధి చివరి దుకాణంలో నోట్లు పరీక్షించే దీపం అడిగి తెచ్చి, రాత్రి గది చీకటి చేసి చూశాను. టోపీ ఎక్కడా మెరవలేదు. మెరవకపోవడం మంచి సూచన. మెరిస్తే మాత్రం వెంటనే నకిలీ అనడానికి వీల్లేదు, ఎందుకంటే నేటి సబ్బుపొడితో ఒక్కసారి ఉతికినా అసలు టోపీ సైతం మెరుస్తుంది. మా నాయనమ్మ దాన్ని పెట్టెలో పెట్టేముందు ఉతకకపోవడం ఈ విధంగా మేలు చేసింది.

మూడవది, నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకున్నది, గుర్తులు వదిలిన జాడలు. ఈ టోపీ ముందు భాగంలో మూడు గుర్తులుండేవి. పైన, లేత నీలిబూడిద దారంతో గోధుమరంగు నేల మీద నేసిన గద్ద. దాని కింద నలుపు, తెలుపు, ఎరుపు వలయాలున్న చిన్న బిళ్ల. ఆ బిళ్లను కప్పుతూ, తలకిందులుగా ఉన్న వి ఆకారంలో ఒక రంగు నాడా. ఆ నాడా రంగును బట్టి సైనికుడు ఏ దళంవాడో తెలిసేది. పదాతి దళానికి తెలుపు, ఫిరంగి దళానికి ఎరుపు, టాంకు దళానికి గులాబి, సాపర్లకు నలుపు. 1942లో ఆ నాడాను తీసివేయమని జర్మన్ సైన్యం ఉత్తర్వు ఇచ్చింది. మా టోపీ మీద నాడా లేదు, దాని నీడ కూడా లేదు, కేవలం సూది పొడిచిన రంధ్రాలు వి ఆకారంలో మిగిలాయి. అంటే నాడా ఊడిన తరువాత ఆ చోటు చాలా ఏళ్లు ఎండ తిని, చుట్టూ ఉన్న గుడ్డతో కలిసిపోయింది. బిళ్ల నాయనమ్మ విప్పలేదు కనుక ఇప్పటికీ ఉంది. గద్ద చోటు మాత్రం ముదురుగా ఉంది. ఎందుకంటే గద్ద ఊడిన రోజు నుంచి టోపీ మళ్లీ ఎండ చూడలేదు. నాడా ఎడారిలో ఊడింది, గద్ద మా అరుగు మీద ఊడింది. ఈ రెండు తేదీల మధ్య ఉన్న కాలమంతా ఆ గుడ్డ రంగుల్లో, చదవడం తెలిసినవారికి, అక్షరాల్లాగే ఉంది. వి ఆకారపు రంధ్రాల్లో ఒకచోట తెల్లని పోగు ముక్క చిక్కుకుని ఉంది. దాన్ని పట్టుకుని ఈ టోపీ యజమాని పదాతి సైనికుడని చెప్పాలనిపిస్తుంది. కానీ అది నాడాది కాక, నాడాను కుట్టిన దారం కూడా కావచ్చు. అందుకని ఆ మాట నేను అనను.

గడిచిన వేసవిలో ఒక సేకరణకారుడు, తెలిసినవారి ద్వారా విని, మా ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు, విషయం బాగా తెలిసినవాడు. భూతద్దంతో అరగంట చూసి, అస్తరు మీద సగం చెరిగిన 57 అనే కొలత ముద్రను చూపించి, టోపీ అసలైనదేనన్నాడు. ఆపైన నీడ మీద వేలు పెట్టి, "గద్ద ఉంటే దీని ధర వేరుగా ఉండేది సార్" అన్నాడు. పాడైపోయిన మరో టోపీ నుంచి విప్పిన అసలు గద్ద తన దగ్గర ఉందనీ, దాన్ని అదే రంధ్రాల్లోంచి చేత్తో కుట్టిస్తే ఎవరికీ తేడా తెలియదనీ, చూరు మీది మరకలను కూడా శుభ్రం చేయించవచ్చనీ చెప్పాడు. వారి భాషలో దీనికి పునరుద్ధరణ అని పేరు. ఆయన చెప్పిన ధర చిన్నదేమీ కాదు. మోసం చేయాలన్న ఉద్దేశం ఆయనలో నాకు కనిపించలేదు.

మర్నాడు నేను టోపీని పెద్దబజారులో ఒక పాత దర్జీ దగ్గరకు తీసుకువెళ్లాను. డెబ్బై దాటిన మనిషి, యాభై ఏళ్లుగా సూది పట్టినవాడు. ఆయనకు యుద్ధం గురించి, గద్ద గురించి ఏమీ చెప్పకుండా, "మాస్టారూ, ఇక్కడ ఏదైనా మళ్లీ కుడితే నిలుస్తుందా?" అని మాత్రమే అడిగాను. ఆయన టోపీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, లోపలి నుంచి చూశాడు. గద్ద నీడ అంచు వెంట చిన్న చిన్న చుక్కలుగా వెలుగు కనిపించింది. "దీన్ని ఒకసారే కుట్టారు, ఒకసారే విప్పారు నాయనా. రెండోసారి సూది దిగి ఉంటే పక్కన ఇంకో వరస పడేది. విప్పిన చెయ్యి మంచి చెయ్యి, ఒక్క పోగు కూడా తెగలేదు" అన్నాడు. తరువాత గుడ్డను బొటనవేలితో మెల్లగా నొక్కి, ఎండకు పోగు చచ్చిపోయిందనీ, ఇప్పుడు మళ్లీ సూది దిగితే ఆ వరస వెంట కాగితంలా చిరుగుతుందనీ చెప్పాడు. డబ్బులు తీసుకోలేదు.

విప్పిన చెయ్యి మంచిదన్న ఆ మాట విన్నప్పుడు, అరుగు మీద కూర్చున్న నాయనమ్మ కళ్లముందు మెదిలింది. అప్పటికే సగం కుదిరిన నా నిర్ణయం ఆ దుకాణం మెట్ల మీద పూర్తయింది. ఈ టోపీ మీద గద్దను మళ్లీ కుట్టించను.

నా కారణాలు ఇవి. ఎక్కడో మరో సైనికుడి తల మీద వెలిసిన గద్దను తెచ్చి ఇక్కడ కుడితే, రెండు నిజమైన వస్తువులు కలిసి ఒక అబద్ధమవుతాయి. పైగా ఈ గద్దలను నేసినది ఒకే మగ్గం కాదు, రెక్కల పొడవులో కొద్దిపాటి తేడాలుంటాయి. వేరే గద్ద ఈ నీడను పూర్తిగా కప్పదు, లేదా నీడను దాటి బయటికి వస్తుంది, ఎలా వచ్చినా ఉన్న ఒక్క రుజువును కప్పేస్తుంది. ఇంకొక కారణం గుర్తుకు సంబంధించినది. నాయనమ్మ ఆ గుర్తును గౌరవంతో తీసేసింది. ఆ గుర్తు చేసిన ఘోరాన్ని చదివి తెలుసుకున్న నేను, అది లేనందుకు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటున్నాను. మా ఇద్దరి కారణాలూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైనవి. అయినా ఇద్దరి మాటా ఒకటే, అది ఆ టోపీ మీద ఉండకూడదు. బంక మరకల సంగతి చెప్పనే అక్కరలేదు. సేకరణకారుడి లెక్కలో అవి మురికి. మా లెక్కలో ఆ టోపీ మీద ఉన్న ఒకే ఒక్క సంతకం అది.

అమ్మకూడదన్న నియమం కూడా ఏమీ పెట్టుకోలేదు. మన 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన వస్తువులకే ఆ హోదా వస్తుంది, దీనికి ఇంకా సమయం ఉంది. ఎవరికైనా ఇవ్వవలసి వస్తే ఉన్నది ఉన్నట్టుగానే ఇస్తాను, దాని కథను కూడా రాసి ఇస్తాను.

ప్రస్తుతానికి దాన్ని భద్రపరచడం మీదే నా శ్రద్ధ అంతా ఉంది. సముద్రపు గాలి తగిలే నెల్లూరులో పాత నూలుగుడ్డకు చెమ్మే మొదటి శత్రువు, వెలుతురు రెండవది. గాజు పెట్టెలో పెట్టి హాల్లో గోడకు తగిలించమని మా అబ్బాయి సలహా ఇచ్చాడు గానీ, అలా చేస్తే కిటికీ వెలుతురుకు ఆ నీడ నెమ్మదిగా చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. ఎడారీ, మా పొగాకు చేనూ కలిసి అన్నేళ్లలో గీసిన బొమ్మను మా హాలు చెరిపేయడం నాకు ఇష్టం లేదు. అందుకని రంగు వేయని పాత పంచె ముక్కను గంజి పోయేదాకా నాలుగుసార్లు ఉతికి ఆరబెట్టి, దానిలో టోపీని చుట్టి, లోపల అదే గుడ్డను ఉండగా చేసి పెట్టి ఆకారం నిలిపాను. కలరా ఉండలు గుడ్డకు తగిలితే మరక పడుతుంది కాబట్టి అవి తీసేశాను. వానలు వెనక్కు తగ్గాక సంక్రాంతి రోజుల్లో ఒకసారి పెట్టె తెరిచి, నీడపట్టున గాలి తగలనిచ్చి, పురుగు పట్టిందేమో చూసి మళ్లీ మూస్తాను.

మొన్న అలా తెరిచినప్పుడు ఒక పని పూర్తిచేశాను. గద్ద నీడ మీద, తగలకుండా కొంచెం ఎత్తులో, అద్దం పలక పెట్టి దాని మీద బటర్ పేపర్ పరిచి, సన్నని పెన్సిలుతో ఆ అంచును గీశాను. సూది రంధ్రాలను ఒక్కొక్కటే చుక్కలుగా గుర్తించాను. మొత్తం నూట పదకొండు వచ్చాయి. కాగితం కింద తాతయ్య పేరు, ఆయన కంపెనీ, టోపీ దొరికిన నెల, నాయనమ్మ గద్దను విప్పిన సంవత్సరం, గద్ద మన్నేట్లో కలిసిందన్న సంగతి రాసి, మడవకుండా పెట్టె మూతకు లోపలి వైపున పెట్టాను.